లెక్కలోకి రాని చావు

రెబెకా ఒళ్లో తల పెట్టుకుని, నోరు తెరిచి ఊపిరి లాక్కుంటున్నాడు జాన్సన్. మే నెల ఎండకు ఆటో రేకులు కాలిపోతున్నాయి. ప్రొద్దుటూరులో వాళ్లు తిరిగిన రెండో ఆసుపత్రి ఇది. ముక్కులో పుల్ల పెట్టి చూసిన నర్సు, "కరోనానేనమ్మా. బెడ్డు ఖాళీ అయితే పిలుస్తాం" అని లోపలికి వెళ్లి చాలాసేపైంది.

గేటు పక్క మందుల షాపులో టీవీ మోగుతోంది. ప్రపంచంతో పోలిస్తే మన దేశంలో మరణాల రేటు చాలా తక్కువని ఎవరో తెల్లచొక్కా ఆయన ధైర్యం చెబుతున్నాడు.

"శానా తక్కువంట. వింటాండావా? నీకేం కాదు" అంది రెబెకా మొగుడి చెవిలో.

ఆ మాట ఆమె నిజంగానే నమ్మింది. ఇంత పెద్ద దేశంలో చచ్చేది కొద్దిమందే అయితే, ఆ కొద్దిమందిలో తన మొగుడే ఎందుకుంటాడు? జమ్మలమడుగు పక్క పల్లెలో, బండల పాలిషు ఫ్యాక్టరీలో మిషను మీద పనిచేసే మనిషి. ఆదివారం చర్చిలో అందరికంటే గట్టిగా పాడే మనిషి.

కాసేపటికి అతని చెయ్యి ఆమె కొంగు వదిలేసింది. ఆటో తోలే ఇస్మాయిల్ లోపలికి పరుగెత్తి నర్సును పిలుచుకొచ్చాడు. నర్సు నాడి పట్టి చూసి తల అడ్డంగా ఊపింది.

"ఏం జబ్బుతో పోయినాడో రాసియ్యి నర్సమ్మా" అంది రెబెకా.

"లోపల చేర్చుకోలేదు కదమ్మా. మా లెక్కలోకి రాడు. మీ ఊర్లో రాయించుకోండి." నర్సు కళ్లు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. అప్పటికే ఆమెను ఇంకో ఆటో దగ్గరికి పిలుస్తున్నారు.

ఇస్మాయిల్ ఫోనులో సంగతి చెప్పడంతో, ఊరి మొదట్లోనే ఫ్యాక్టరీ యజమాని ఆదినారాయణ ఎదురొచ్చాడు. కొత్త పంచె, పూలదండ తెచ్చాడు. చర్చి శ్మశానంలో గుంత కూడా తవ్విస్తున్నాడు. దూరంగా నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్లు అబద్ధం కాదు.

"నా కండ్లముందర పెరిగినోడు. ఇట్లయ్యిందేందమ్మా!" అని, గొంతు తగ్గించాడు. "చూడు రెబెకా, బండల దుమ్ముతో ఊపిరితిత్తులు చెడినాయని చెప్దాం. కరోనా అంటే ఊరికి అడ్డంగా కట్టెలు కడ్తారు. ఫ్యాక్టరీ మూస్తారు. గుంత తీసేవాళ్లు గూడా పారిపోతారు. నీ మొగుణ్ని నువ్వొక్కదానివే మోసుకుంటావా?"

"ఆసుపత్రి లెక్కలో లేడన్యారు. ఊరి లెక్కలోనూ లేకపోతే, నా మొగుడు యాడ సచ్చినట్లప్పా?"

"లెక్కలతో నీకేం పని? వానికింత మట్టి దక్కాల. అది చూడు."

ఆయనతో వచ్చిన పాస్టరు ఆనందరావు కూడా నేల చూస్తూ తలాడించాడు. మట్టి దక్కాలి, నిజమే. జాన్సన్‌ను వాళ్లమ్మ పక్కన పడుకోబెట్టాలి. అదొక్కటి జరిగితే చాలనిపించింది రెబెకాకు. సరేనన్నట్టు తల వంచింది.

శ్మశానానికి ఫ్యాక్టరీ మనుషులంతా వచ్చారు. జాన్సన్ పక్క మిషను మీద పనిచేసే ఇద్దరు గుంత తవ్వుతున్నారు. మధ్యమధ్య పార ఆపి దగ్గుతున్నారు.

"పాడు దుమ్ము" అన్నాడు ఒకడు, గుండె రుద్దుకుంటూ.

ఆ దగ్గు రెబెకాకు తెలుసు. వారం రోజులు తన పక్కన పడుకుని మొగుడు దగ్గిన దగ్గే అది.

అంతలో మైమూన్ వచ్చింది. అదే ఫ్యాక్టరీలో రెబెకాతో పాటు బండలు కడిగే పిల్ల. ఆరు నెలల కడుపుతో, చేతులు చాచి, ఏడుస్తూ పరుగెత్తుకొస్తోంది. మొగుడి చెయ్యి కొంగు వదిలేసినప్పటి నుంచి రెబెకాను ఒక్క మనిషీ తాకలేదు. ఆ చేతుల్లో పడి గొంతెత్తి ఏడవాలని ప్రాణం కొట్టుకుంది.

"రావద్దు మైమూన్! ఆడనే నిలబడు!"

మైమూన్ బిత్తరపోయి ఆగింది.

"దుమ్ము కాదమ్మే. నా మొగుడు కరోనాతో పోయినాడు. పరీక్ష చేసి చెప్పినారు, నేను విన్నా. మీరందరూ దగ్గుతాండారు. పొయ్యి చూపించుకోండి. ఈ పొద్దే పోండి!"

"రెబెకా!" అని అరిచాడు ఆదినారాయణ.

"ఆ మాట నేను చెప్పనప్పా. దుమ్మని నేను చెప్పను."

గుంతలో ఉన్న ఇద్దరూ పారలు వదిలేసి పైకెక్కారు. జనం వెనక్కి, ఇంకా వెనక్కి జరిగారు. మోకాలి లోతు గుంత పక్కన, కొత్త పంచె కప్పుకుని, ఎండలో జాన్సన్ పడి ఉన్నాడు. మైమూన్ ఒక్కతే కదల్లేదు. చాచిన చేతులు దించలేదు, ముందుకు అడుగూ వేయలేదు.