పటంలోని వంతెన

"ఆరు కిలోమీటర్ల రెండు వందల మీటర్లు," అన్నాడు సర్వేయరు, పటం మీద నుంచి స్కేలు తీస్తూ. "ఎనిమిది దాటితేనే ఆరోగ్య కేంద్రం ఇస్తారు. ఆ రూలు నేను పెట్టింది కాదు నర్సమ్మా."

నర్సు బల్ల మీదికి వంగింది. అవతలి గట్టు నుంచి ఆసుపత్రి దాకా సర్వేయరు పెన్సిలుతో గీసిన దారి ఏటికి అడ్డంగా పోతోంది. ఏటి మీద రెండు నల్లగీతలు పక్కపక్కన ఉన్నాయి.

"ఇదేంటండీ?"

"వంతెన."

"ఎక్కడుంది?"

"కనబడట్లేదా? ఏటి మీద."

"వారానికి రెండుసార్లు ఆ ఏరు పడవలో దాటుతున్నాను. వంతెన ఉంటే గట్టువాళ్ళు నాకు కనబడకుండా దాచిపెట్టారన్నమాట."

సర్వేయరు నవ్వలేదు. "పటంలో ఉంది," అన్నాడు. పటం చుట్టడం మొదలుపెట్టాడు.

ఏటి ఎగువన ఆనకట్ట కట్టి అరవై రెండేళ్ళయింది. దాని కింద నాలుగు ఊళ్ళు మునిగాయి. అక్కడి నూట నలభై కుటుంబాలను తెచ్చి అవతలి గట్టున దింపారు. భూమి, బావి, వంతెన ఇస్తామన్నారు. భూమి ఇచ్చారు, దున్నితే రాళ్ళు లేచాయి. బావి తవ్వారు. వంతెనకు చాలా ఏళ్ళ తర్వాత మూడు స్తంభాలు లేపి వదిలేశారు. ఇప్పుడు గట్టు మీద రెండు వందల పదకొండు ఇళ్ళున్నాయి. ఎనిమిది నెలలు పడవ నడుస్తుంది. ఏరు పొంగిన నాలుగు నెలలూ పడవ లేదు. అప్పుడు గట్టు వెంబడి దిగువనున్న ఇంకో ఆనకట్ట దాకా వెళ్ళి, దాని మీదుగా దాటి, ఇటువైపు మళ్ళీ వెనక్కి రావాలి. అది ఎంత దూరమో ఎవరూ కొలవలేదు. పటం ప్రకారం ఆ దారిలో ఎవరికీ పని లేదు.

నర్సు ఇటువైపు ఆసుపత్రి నుంచి పన్నెండేళ్ళుగా గట్టుకి వెళ్ళి పనిచేస్తోంది. ఆమె రిజిస్టరులో పడవలో జరిగిన కాన్పులు మూడున్నాయి. పోయిన వానాకాలం దర్జీ కూతుర్ని ట్రాక్టరు మీద తీసుకొస్తుంటే ఆనకట్ట చేరకముందే ప్రాణం పోయింది. బిడ్డ బతికాడు. గట్టు మీద ఒక గది, ఒక మంచం, ఒక నర్సు ఉండి ఉంటే ఆ పిల్ల కూడా బతికేదని రిజిస్టరులో రాయడానికి గడి లేదు.

కొత్త కేంద్రాల జాబితా శుక్రవారం సాయంత్రం ఐదింటికి మూసేస్తారు. మళ్ళీ జాబితా ఐదేళ్ళకి. ఆ రోజు మంగళవారం.

ఆమె నేరుగా ఆ జాబితా తయారుచేసే అధికారి గదిలోకి వెళ్ళింది. సర్వేయరు పటం చంకన పెట్టుకుని వెనకే వచ్చాడు. అధికారి ఈ జిల్లాకు వచ్చి రెండు నెలలే. ఆయన మొత్తం విన్నాడు.

"నోటిమాట మీద రాయలేనమ్మా. బండి వెళ్ళే దారిని సర్వేయరు కొలత చక్రంతో కొలిచి సంతకం పెడితే రాస్తాను."

"మోకాళ్ళ నొప్పులండీ నాకు," అన్నాడు సర్వేయరు.

"జీపులో వెళ్ళండి."

"చక్రం నడిచి తొయ్యాలండీ. లేకపోతే లెక్కకి రాదు." అనేశాక నాలుక కరుచుకున్నాడు.

"నేను తోస్తాను," అంది నర్సు. "సర్వేయరు గారు అంకె చూస్తే చాలు."

"తోసినవాళ్ళే సంతకం పెట్టాలి."

"అయితే మీరే తొయ్యండి. మోకాళ్ళకి మందు నేను తెస్తాను."

బుధవారం తెల్లారగానే ఇద్దరూ పడవలో గట్టుకి చేరారు. చక్రం సైకిలు చక్రమంత ఉంది. దానికో పిడి, పిడి దగ్గర అంకెల డబ్బా. ఒక్కో మీటరుకి టక్కుమంటుంది. సర్వేయరు గట్టు మీది బడి గుమ్మం దగ్గర అంకెలను సున్నాకి తిప్పి, టైము రాసుకుని, తొయ్యడం మొదలుపెట్టాడు. అర కిలోమీటరు పోయాక ఏట్లో మూడు స్తంభాలు కనబడ్డాయి. మొదటిదాని నెత్తి మీద రావి మొక్క మొలిచింది. సర్వేయరు అటు చూసి తల తిప్పుకున్నాడు.

నర్సు భర్త ట్రాలీ ఆటో నడుపుతాడు. ముందురోజు సాయంత్రమే ఆ చుట్టుదారిన బయల్దేరి గట్టుకి చేరాడు. మంచినీళ్ళ డబ్బా, అన్నం క్యారియరు వేసుకుని వాళ్ళ వెనకాలే నడక వేగంతో వస్తున్నాడు.

"బాబాయి గారూ, అలిసిపోతే ఎక్కండి. చక్రాన్ని వెనక కడదాం."

"దాన్ని మోసం అంటారోయ్."

"ఆరు కిలోమీటర్లు అనడాన్ని ఏమంటారు?"

"నువ్వూరుకో," అంది నర్సు. ఊరుకోమన్నదే గాని నవ్వు ఆపుకోలేదు.

పదకొండో కిలోమీటరు దగ్గర ఎండ నెత్తికెక్కింది. తుమ్మచెట్టు కింద ఆగారు. సర్వేయరు నేల మీద సున్నంతో గీత గీసి చక్రాన్ని దాని మీద నిలబెట్టాడు. అన్నం ముద్ద చేతిలో పెట్టుకుని కాసేపు తినలేదు.

"ఆ పటం గీసింది నేనే నర్సమ్మా."

ఆమె తలెత్తింది.

"ఉద్యోగంలో చేరిన కొత్త. ముప్పై నాలుగేళ్ళ కిందటి మాట. కట్టబోయే వంతెనని చుక్కలతో గియ్యాలి. కట్టినదాన్ని గీతతో గియ్యాలి. అప్పటికే మూడో స్తంభం లేచింది. ఏడాదిలో అయిపోతుందన్నారు. పటం అచ్చయి రావడానికి రెండేళ్ళు పట్టేది. అచ్చయ్యేసరికి వంతెన పూర్తవుతుంది, అప్పుడు మళ్ళీ దిద్దాలి, ఎందుకొచ్చిన తంటా అని గీత గీసేశాను."

"తర్వాత?"

"పని ఆగిపోయింది. చెబుదామనుకున్నాను. ఇవాళ, రేపు అంటూ..." ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. "గట్టువాళ్ళు వంతెన కావాలని అర్జీ పెట్టినప్పుడల్లా పటం చూడమని నా బల్ల మీదికే పంపేవారు. 'వంతెన ఉన్నది' అని రాసి పంపేవాణ్ణి. తొమ్మిది అర్జీలు."

నర్సు భర్త ఆటో మీద నుంచి దిగాడు. "బాబాయి గారూ, అది రాసిన చేత్తో..."

"నువ్వు మాట్లాడకు," అంది నర్సు. ఈసారి నవ్వలేదు. ఆమెకి ట్రాక్టరు గుర్తొచ్చింది, దాని మీద పరిచిన బొంత గుర్తొచ్చింది. ఈయన్ని ఇక్కడే వదిలేసి పోవాలనిపించింది. వదిలేస్తే సంతకం ఉండదు.

"ఇప్పుడేం రాస్తారు?"

"అంకె రాస్తాను. ఉన్నదున్నట్టు. వంతెన మాట ఎత్తను. ఇంకో ఏడు నెలల్లో రిటైరవుతున్నాను, మా ఇంటావిడకి కూడా తెలియదు ఈ సంగతి."

"వంతెన లేదని రాయకపోతే, ఉన్న వంతెన వదిలి చుట్టూ ఎందుకు తిరిగారని అడుగుతారు. అంకె చెల్లదు."

ఆయన పళ్ళెం పక్కకి జరిపాడు.

"లేవండి. ఇంకా చాలా దూరం ఉంది."

ఆ సాయంత్రానికి ఆనకట్ట చేరారు. పంతొమ్మిది కిలోమీటర్ల మూడు వందలు. గురువారం ఆనకట్ట మీద నుంచి మొదలుపెట్టారు. సర్వేయరు కుంటుతున్నాడు. నర్సు రెండుసార్లు ఆపి మోకాళ్ళకి మందు రాసి గుడ్డ చుట్టింది. కొలత మాట తప్ప వేరే మాట మాట్లాడలేదు. చీకటి పడబోతుండగా ఆసుపత్రి గేటు ముందు చక్రం ఆగింది. ముప్పై ఏడు కిలోమీటర్ల ఆరు వందల నలభై మీటర్లు. ఆయన డబ్బాలో అంకెని రెండుసార్లు చూసి పుస్తకంలో రాసుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి అధికారి ఆ కాగితం చదివాడు. గోడ మీది పటం వైపు చూశాడు.

"పటంలో వంతెన అలాగే ఉంది కదా. ఇంత చుట్టూ ఎందుకు కొలిచారని పైవాళ్ళు అడిగితే?"

ఫ్యాను తిరుగుతోంది. సర్వేయరు కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన చెప్పకపోతే తానే చెప్పాలని నర్సు రాత్రే నిర్ణయించుకుంది. కాని పటం గీసినవాడి మాట వేరు, నర్సు మాట వేరు. మనసులో పది లెక్కపెట్టింది. ఎనిమిది దగ్గర ఉండగా ఆయన నోరు విప్పాడు.

"వంతెన లేదండీ. ఎప్పుడూ లేదు. నేనే గీశాను."

అధికారి కలం మూత పెట్టాడు. "రాసివ్వండి. ఆ కాగితం లేకపోతే జాబితా పైకి పోయాక దీన్ని కొట్టేస్తారు. ఐదింటిలోపు."

"రాసిచ్చాక నా సంగతి..."

"విచారణ ఉంటుంది. దాచను."

వరండాలో బెంచీ మీద కూర్చుని సర్వేయరు మొదటి కాగితం చింపాడు. రెండోదీ చింపాడు. వాటిల్లో 'పొరపాటున', 'అనుకోకుండా' అనే మాటలున్నాయి. నర్సు పక్కన కూర్చుంది.

"ఎలా మొదలుపెట్టమంటావు నర్సమ్మా?"

"గీసిన సంవత్సరంతో మొదలుపెట్టండి."

మూడో కాగితం ఆగకుండా రాశాడు. ఆమె చదివింది.

"అర్జీల సంగతి లేదు."

"అదీ రాయాలా? కేంద్రానికి దాంతో పనేముంది?"

"కేంద్రానికి లేదు. గట్టువాళ్ళకి ఉంది."

ఆయన గోడ గడియారం చూశాడు. నాలుగున్నర. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. 'పై వంతెన కోరుతూ వచ్చిన తొమ్మిది అర్జీలను, వంతెన లేదని తెలిసి కూడా, ఉన్నదని రాసి తిప్పి పంపినది నేనే' అని కింద రాసి సంతకం పెట్టాడు. తారీఖు వేశాడు.

నాలుగూ యాభైకి గుమస్తా ముద్ర కొట్టాడు. అవతలి గట్టు జాబితాలో చివరి వరుసలోకి ఎక్కింది. సర్వేయరు మెట్లు ఒక్కొక్కటే దిగి, ఇంటికి వెళ్ళే బస్సు కోసం రోడ్డు దాటాడు. ఇంటావిడకి చెప్పడానికి అరగంట బస్సు ప్రయాణం ఉంది ఆయనకి.

నర్సు భర్త గేటు దగ్గర ఆటోలో ఉన్నాడు.

"అయిందా డాక్టరమ్మా?" అన్నాడు వేళాకోళంగా.

"గది అయింది." ఆమె ఎక్కి కూర్చుని, సంచీలోంచి తెల్లకాగితం తీసి మోకాలి మీద పరిచింది. "రేపు మొదటి పడవకి వెళ్ళాలి. రెండు వందల పదకొండు ఇళ్ళ సంతకాలు కావాలి."

"మళ్ళీ దేనికి?"

"వంతెనకి."

ఆటో కదిలింది. కుదుపుల్లోనే ఆమె పైన తారీఖు వేసింది.