ఇంటి నీళ్ల కేను

లడఖ్‌లోని చాంగ్‌థాంగ్ పీఠభూమికి మమ్మల్ని తీసుకెళ్లింది ఫణిశంకర్. టెక్కలిలో గుమస్తా, అక్కడి సైకిల్ క్లబ్బుకి పెద్ద. నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున, మనిషన్నవాడు కనపడని మైదానంలో ఎనిమిది రోజుల యాత్ర. బ్యానర్ మీద ‘ఉద్దానం కిడ్నీల కోసం’ అని రాయించాడు. అలా రాయించాక ఉద్దానం మనుషులు లేకపోతే బాగుండదు కదా, అందుకని మేమిద్దరం. నేను ఆశా వర్కర్‌ని, పదేళ్లుగా సైకిల్ మీదే ఊళ్లు తిరుగుతున్నాను. మా ఆయన ఢిల్లీరావు సముద్రం మీద వేటకెళ్తాడు, చేపల బుట్ట సైకిల్‌కి కట్టుకుని పూండి దాకా తొక్కుతాడు. రానన్నవాణ్ణి ఒప్పించిన తెలివి నాదే.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆయన సైకిల్ మీంచి పక్కకి ఒరిగిపోయాడు. తలనొప్పి, వాంతులు. పెదాలు ఎండి చిట్లిపోయాయి. ఉచ్చ పోసి ఎంతసేపయిందని అడిగితే చెప్పడు. గద్దించాను. నిన్న సాయంత్రం అన్నాడు. ఊరూరా కిడ్నీ రోగులున్న మా వైపు ఆ మాటకి అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు.

సంచి విప్పి చూశాను. ఇంటి నుంచి మోసుకొచ్చిన ఐదు లీటర్ల కేనులో సగానికి పైగా నీళ్లున్నాయి. టీ తప్ప ఆయన తాగుతున్నది ఆ కేనులోవే. వేటకెళ్లేవాళ్ల పద్ధతి అది. ఒడ్డు కనపడేదాకా కేనులో నీళ్లు మిగలాలి, అందుకని గుక్కెడేసి తాగుతారు. ఈ మహానుభావుడు కొండ మీద కూడా అదే చేశాడు. పక్కనే వాగు పారుతోంది. ఆ నీళ్లే కాచుకుని మేమంతా రోజూ తాగుతున్నాం. చెంప మీద ఒకటి ఇవ్వాలనిపించింది.

టెంటు వేసి ఈయన్ని పడుకోబెడదాం, రేపు జీపు పంపుదాం అన్నాడు ఫణిశంకర్. నన్ను మాత్రం ముందున్న కొండ కనుమ దాకా రమ్మన్నాడు. ఉద్దానం ఆడమనిషి లేకుండా అక్కడ బ్యానర్ ఫొటో నప్పదట. నా ఒళ్లు మండిపోయింది. బ్యానర్ లాక్కుని మా ఆయన కింద పరిచాను. మా సామాన్లతో ముందు వెళ్లిన జీపుని వైర్‌లెస్‌లో ఇప్పుడే వెనక్కి పిలువు, లేకపోతే నీ సైకిల్ ఇక్కడే విరగ్గొడతాను అన్నాను. పిలిచాడు. రావడానికి రెండు గంటలు పడుతుందన్నారు.

వాగు నీళ్లు కాచి గ్లాసుతో పట్టాను. ఢిల్లీరావు మొహం తిప్పుకున్నాడు.

“తాగు మావా. సచ్చిపోతావు.”

“ఎరగని నీళ్లు ముట్టుకోవొద్దని ఊరందరికీ సెప్పింది నువ్వు కాదేటి? మా అయ్యకి డయాలసిస్ సేత్తన్నప్పుడు కూడా బాయి నీళ్లు తాగినాడని తిట్టినావు. ఆయన మళ్లీ మంచం దిగనేదు. నానేటీ మర్సిపోనేదు.”

తిట్టాను, నిజమే. ఆ రోగం నీళ్ల వల్లో ఇంకెందువల్లో నాకు తెలీదు, నాకు చెప్పినవాళ్లూ తేల్చలేదు. తెలిసినట్టు ఇంటింటికీ వెళ్లి చెప్పాను, చావబోయే ముసలాయన్ని తిట్టాను. ఈ మనిషి ఆ మాటని ఇన్నేళ్లు కడుపులో పెట్టుకుని, దాన్నే పాటిస్తూ ఎండిపోతున్నాడు. ఫణిశంకర్ మీద కోపం చాలా చిన్నదైపోయింది.

కేను మూత తీసి ఇంటి నీళ్లన్నీ ఆయన కళ్లెదుటే నేల మీద ఒంపేశాను. ఆయన చెయ్యెత్తబోయి ఎత్తలేకపోయాడు. గ్లాసులో సగం నేను తాగాను.

“నాను సెప్పింది తప్పు మావా. తిట్టింది మరీ తప్పు. తాగు.”

మిగిలిన సగం తాగాడు. జీపు వచ్చేలోపు గుక్కగుక్కగా మూడు గ్లాసులు పట్టించాను.

కిందికి దిగుతూ రెండు గంటలు ప్రయాణించాక ఢిల్లీరావు జీపు ఆపమన్నాడు. డ్రైవర్ భుజం పట్టుకుని రాయి చాటుకి వెళ్లాడు. నేను లోపలే కూర్చుని వేళ్లు నొక్కుకుంటూ చూశాను. తిరిగొచ్చి, నా మొహం చూడకుండా, “అయినాది” అన్నాడు. ఆయన రొమ్ము మీద పిడికిళ్లతో గుద్దుతూ ఏడ్చాను.