పదకొండో నామం

పదకొండో నామం దగ్గర అతను ఇస్త్రీ యంత్రం మూత ఎత్తాడు. ఆవిరి ముఖానికి కొట్టింది. దిండు గలీబు ఒక్క ముడత లేకుండా బల్ల మీదికి జారింది. మరొకటి పరిచి, మూత దించి, పెదవులు కదపకుండా మళ్ళీ మొదలుపెట్టాడు. రామ, ఒకటి. రామ, రెండు.

పెద్ద హోటలు అడుగున, కిటికీల్లేని లాండ్రీలో పందొమ్మిదేళ్ళుగా ఇదే లెక్క. గోడ గడియారంతో అతనికి పనిలేదు. అక్కడ అందరూ అతన్ని 'పదకొండు' అనే పిలుస్తారు. మోచేతుల మీద పాత వాతలు, నిలబడి నిలబడి ఉబ్బిన పిక్కలు, ఒక పక్కకి ఒరిగిన నడుము. మనిషి మాత్రం తొణకడు. ఆవిరి గొట్టం పగిలిన రోజు అందరూ మెట్లెక్కి పరిగెత్తితే, అతను చేతిలో ఉన్న దుప్పటి మడతపెట్టి మరీ బయటికొచ్చాడు.

ఆ నిబ్బరం అక్క పెట్టిన భిక్ష. అమ్మానాన్నలు ఒకే వారంలో పోయినప్పుడు అతనికి తొమ్మిదేళ్ళు, ఆమెకి పద్దెనిమిది. అతని వేళ్ళు పట్టుకుని కణుపు కణుపుకీ ఒక నామం చెప్పించింది. "మనసు గుమ్మంలో నిలబడి రేపేమొస్తుందో అని చూస్తూ ఉంటుందిరా. లోపలికి పిలిచి ఓ పని అప్పజెప్పు" అంది.

ఇప్పుడామె గుండె నీరసించి మంచం పట్టింది. ఇక రోజుల్లోనే అన్నాడు డాక్టరు, ఎన్నన్నది చెప్పలేదు. ఈ ఉదయం అతను చెప్పులు వేసుకుంటుంటే పిలిచింది.

"ఒరే, భయమేస్తోందిరా. కాసేపు కూర్చుని వెళ్ళు."

"నామం చెప్పుకో అక్కా. నువ్వే కదా నేర్పావు."

"చెప్పుకుంటూనే ఉన్నా. అయినా వేస్తోంది."

బస్సుకి వేళైందని వచ్చేశాడు. నిజానికి బస్సుకి ఇంకా పావుగంట ఉంది. ఆ పావుగంటా స్టాపులో నిలబడ్డాడు.

కమురు వాసన వేసింది. మూత ఎత్తేసరికి గలీబు మీద అరచేయంత గోధుమరంగు మచ్చ. తాను ఎన్నో నామం దగ్గరున్నాడో అతనికి తెలియలేదు.

సూపర్‌వైజరు నడుం మీద చెయ్యి పెట్టుకుని వచ్చి చూసింది. "ఏంటి పదకొండుగారూ, ఇవాళ మీ రాముడు సెలవు పెట్టాడా?"

"నాదే తప్పమ్మా."

"పందొమ్మిదేళ్ళకి ఒకటి. ఫ్రేము కట్టిద్దాం లెండి. ఇంటికి పట్టుకెళ్ళండి, ఇది గదుల్లోకి పంపలేం."

గలీబు కాలినందుకు కాదు, మనసు చేజారినందుకు సిగ్గేసింది అతనికి. దాన్ని దారికి తేవాలి. సాయంత్రం ఒక మాలకి బదులు రెండు తిప్పాలనుకున్నాడు.

ఇంటికొచ్చి, ఆ గలీబు అక్క దిండుకి తొడిగాడు. ఆమె మచ్చని వేలితో తడిమింది.

"ఎవరు గుర్తొచ్చార్రా?"

"ఎవరూ లేరు. లెక్క తప్పింది."

"నీకు లెక్క తప్పడమే!" నవ్వి, గోడ పక్కనున్న కుర్చీ చూపించింది. "పొద్దుటినుంచి నిలబడే ఉన్నావు. ఇలా వచ్చి కూర్చో."

"రెండు మాలలు తిప్పుకుని వస్తా."

పక్కగదిలో తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్నాడు. మొదటి మాల సాఫీగా సాగింది. రెండోదాని మధ్యలో వినిపించింది, "తమ్ముడూ" అని. గట్టిగా కాదు. అతని వేలు పూస మీద ఆగింది. మాల పూర్తికాకుండా లేవకూడదని అక్క ఎన్నడూ చెప్పలేదు. ఆ నియమం అతనే పెట్టుకున్నాడు, ఆమె మంచం పట్టాక. లేచి వెళితే ఆమె కళ్ళలోకి చూడాలి. పూస జరిపాడు.

అవతల నేల మీద ఏదో ఈడ్చిన చప్పుడైంది. కాసేపటికి అదీ ఆగింది. నిద్రపోయి ఉంటుందనుకున్నాడు. అలా అనుకోగానే ప్రాణం కుదుటపడింది. దాన్నే శాంతి అనుకుని, మిగిలిన పూసలన్నీ తొందరపడకుండా తిప్పాడు.

తలుపు తీశాడు. అక్క మంచం అంచున పక్కకి తిరిగి ఉంది, తల ఉత్త పరుపు మీద. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, రెప్ప కదలడం లేదు. ఆమె చేయి అందుకుని కణుపు మీద బొటనవేలు పెట్టాడు. నామం రాలేదు.

కుర్చీ ఇప్పుడు మంచానికి ఆనుకుని ఉంది. అందులో, అతని నడుముకి ఆసరాగా, మాడిన వైపు వెనక్కి తిప్పి నిలబెట్టిన ఆమె దిండు.