నరేష్ గడ్డం

మా కంపెనీలో గడ్డం నేరం. పాశమైలారంలోని మా గేటు దగ్గర సెక్యూరిటీ కిష్టప్ప రోజూ మా చెంపల మీద దూది రాసేవాడు. ఒక్క పోగు చిక్కుకున్నా ఆ రోజు హాజరు లేదు. తయారయ్యేది మందులు కాబట్టి అనేవారు. కానీ క్యాంటీన్‌లో ముగ్గురు ఒకే బల్ల దగ్గర కూర్చోకూడదన్న నియమం మందుల కోసం కాదని అందరికీ తెలుసు. ప్లాంట్ హెడ్ సారు చెప్పిందే చట్టం. ఆయనకు నచ్చని మాట ఎవరైనా అంటే మర్నాడు పొద్దున పంచింగ్ మిషన్ దగ్గర వాళ్ల కార్డుకు ఎర్ర లైటు వెలిగేది, అంటే ఉద్యోగం పోయినట్టే. ఎందుకని అడిగేవాళ్లు ఉండరు. వెనక లైన్లో ఉన్నవాళ్లు తల దించుకుని ముందుకు జరిగేవాళ్లు. నేనూ జరిగేవాణ్ని.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేను. సంగారెడ్డిలో బీయస్సీ, ఇక్కడ క్వాలిటీ విభాగంలో ఉద్యోగం. అది కాక నాకున్నది ఒక్కటే, మా హీరో. ఏటా ఆయన పుట్టినరోజుకు పటాన్‌చెరులో అభిమాన సంఘం డీసీఎం వ్యాను మీద స్టేజీ కట్టి ఊరేగిస్తుంది. దాని మీద హీరో వేషం నాలుగేళ్లుగా నాదే. ఆ ఒక్క సాయంత్రం జనం నన్ను చూసి ఈలలు వేస్తారు. మిగతా మూడువందల అరవైనాలుగు రోజులు నన్నెవరూ చూడరు.

ఈసారి కొత్త సినిమాలో హీరోకు నిండు గడ్డం.

నరేష్ ప్యాకింగ్‌లో కాంట్రాక్టు మీద చేరాడు. పదో తరగతి తప్పినవాడు. అట్టపెట్టె భుజాన వేసుకుని రెండడుగులు వేస్తే చాలు, మా హీరో నడిచొస్తున్నట్టే ఉండేది. నేను అద్దం ముందు నెలల తరబడి నేర్చుకున్న నడక అది. పైగా వాడు గడ్డం పెంచాడు. కిష్టప్ప కూడా మా హీరో అభిమానే. నరేష్ వంతు రాగానే దూదిని నుదుటికి రాసి "నడువ్, పాస్" అనేవాడు. లోపల మాస్కు కింద ఏదీ కనబడదు.

సంఘం అధ్యక్షుడు అంజయ్య ప్రాక్టీసుకు వాణ్ని కూడా పిలిచాడు.

"శ్రావణూ, ఏమనుకోకురా. నువ్వయితే గడ్డం అంటిచ్చుకోవాలె. వీనికి మొలిచింది."

"నాలుగేండ్ల సంది నేనే చేస్తున్న గదనే?"

"అందుకే జెర రెస్టు తీస్కోమంటున్న. ఐతారం దాకా సూస్త. ఇద్దర్ల ఎవలన్నది అప్పుడు చెప్త."

ఇంటికొస్తే అమ్మ ఫోన్లో నరేష్ ప్రాక్టీసు వీడియో చూస్తోంది. పక్కింటివాళ్లు పంపారట.

"గీ పిలగాడు ఎవడ్రా? అచ్చం హీరో లెక్కనే ఉన్నడు."

"మరి నేనో?"

"నువ్వు సారు లెక్క ఉంటవ్ బిడ్డా" అంది ప్రేమగానే.



మర్నాడు డ్యూటీ ఎక్కగానే రిపోర్టు రాశాను. ప్యాకింగ్ కార్మికుడు నరేష్, గడ్డం, నియమ ఉల్లంఘన. మందు మింగే రోగుల కోసం రాస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట అబద్ధం కాదు. కారణం మాత్రం అది కాదు.

గంటలో సారు నన్ను పిలిచాడు. బల్ల మీద నరేష్ లాకరులోని సామాను ఉంది. దువ్వెన, హీరో బొమ్మ, నాలుగు మడతల కాగితం.

"నాకు తెలుగు రాదు. ఇందులో ఏముంది?" అన్నాడు హిందీలో.

డ్రయర్ దగ్గర చేతులు కాలిన కొమురయ్యకు కంపెనీయే వైద్యం చేయించాలని అర్జీ అది. కింద సంతకాలు. వారం కిందట నరేష్ దాన్ని నా దగ్గరకూ తెచ్చాడు. "అన్నా, సదువుకున్నోనివి. ముందుగాల నువ్వు పెడితే అందరు పెడ్తరు" అన్నాడు. రేపు చూద్దామన్నాను.

ఏదో సెలవుల కాగితం సార్ అని చెప్పగలిగేవాణ్ని. ఆ గదిలో తెలుగు చదవగలిగినవాణ్ని నేనొక్కణ్నే. కానీ మొదటి సంతకం నరేష్‌ది. ఆ పేరు పలకాలని నా నోరు ఆత్రపడింది. అర్జీ సంగతి చెప్పి, పేరు పలికాను.

"ఔర్?" అన్నాడు సారు, ఇంకా ఎవరెవరన్నట్టు పెన్ను తీసి.

ఇక ఆగలేకపోయాను. బడిలో హాజరు పిలిచినట్టు ఒక్కో పేరూ స్పష్టంగా చదివాను. మొత్తం పద్నాలుగు. చివరిది కిష్టప్పది.

తెల్లారి పద్నాలుగు కార్డులకు ఎర్ర లైటు వెలిగింది. నేను ముందుకు జరిగాను.

నరేష్ ప్రాక్టీసు మానేసి పని కోసం వేరే కంపెనీల గేట్ల వెంట తిరుగుతున్నాడని తెలిసింది. స్టేజీ నాకే వచ్చింది. పుట్టినరోజు నాడు జిగురుతో గడ్డం అంటించుకుని డీసీఎం ఎక్కాను. బస్టాండు దగ్గర బండి ఆపి పాట పెట్టారు. ఒక్క స్టెప్పు తప్పలేదు. ఈలలూ వచ్చాయి. అంతలో కింద ఎవరో "అగో, నరేష్!" అని అరిచారు.

జనమంతా అటు తిరిగారు. వాడు గడ్డం నున్నగా గీయించుకుని, కొమురయ్యను పట్టుకుని ఆటో కోసం నిలబడ్డాడు. అంజయ్య పాట ఆపించి మైకు అందుకున్నాడు.

"అరే నరేషూ, పైకి రారా! ఒక్క స్టెప్పెయ్!"

ఎత్తిన చేయి ఎత్తినట్టే ఉండిపోయింది. నరేష్ నా వైపు చూశాడు. పేర్లు చదివింది ఎవరో వాడికి తెలియదు.

"అన్న మంచిగ చేస్తుండు గదనే, చెయ్యనియ్యుర్రి. మాకు దవఖానకు లేటయితుంది."

జనం విరగబడి ఈలలు వేశారు. నాలుగేళ్లలో నాకు అన్ని ఈలలు ఎప్పుడూ పడలేదు. కట్టు కట్టిన చేతులకు ఏదీ తగలకుండా వాడు కొమురయ్యను ఆటో ఎక్కించాడు. పాట మళ్లీ మొదలైంది. సగం మంది ఇంకా ఆటో వైపే చూస్తున్నారు. ఉద్యోగం పోయింది, స్టేజీ పోయింది, ఇంకేం పోతే వీడు నాకంటే తక్కువవుతాడా అని ఆలోచిస్తూ నేను స్టెప్పులు వేశాను.