ఖిల్లా ఎలెవన్ గెలిస్తే పొట్టేలు

దేవరకొండలో నాకు మొదటి స్నేహితులు కొట్లాటలో దొరికారు.

రామన్నపేట పోస్టాఫీసు నుంచి ఇక్కడికి బదిలీ మీద వచ్చిన కొత్త. వారమంతా కౌంటరు వెనక కూర్చుని పింఛన్లవాళ్ళతో గొంతు చించుకునేదాన్ని. ఆదివారం వస్తే ఆ గొంతుతో మాట్లాడడానికి మనిషి ఉండేది కాదు. నేను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు చెప్పే జవాబులో కాస్త కారం ఎక్కువ వేస్తాను, అందుకని రెండోసారి ఎవరూ అడగరు. నా కిరాయి గది కాలేజీ గ్రౌండు గోడకు ఆనుకుని ఉంది. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని ఇలా కన్ను మూస్తే చాలు, గోడ అవతల డప్పు మోగేది. ఒకరోజు ఓపిక నశించి, చెప్పులు తొడుక్కుని, కొంగు బిగించి బయల్దేరాను.

గ్రౌండులో కుర్రాళ్ళు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. చూసేవాళ్ళు ముగ్గురే. డప్పు కొడుతున్నవాడు ఆటో నడిపే నరేశ్. పక్కన ఉడకబెట్టిన పల్లికాయ గంపతో గుర్వమ్మ. ఆమెకు కాస్త ఎడంగా గొంగడి పరుచుకుని గొర్ల కాపరి దుర్గయ్య, ఆయన ఒళ్ళో ఒక గొర్రెపిల్ల.

"మనుషులు పండుకునే యాళ్ల గీ డప్పేందయ్యా? ఏం గెల్సిండ్రని కొడ్తున్నవ్?" అన్నాను.

"ఏం గెలువలే అక్కా," అన్నాడు నరేశ్, ఏమాత్రం నొచ్చుకోకుండా. "మన మీద ఐదు గోల్లు పడ్డయి. ఆరోది పడొద్దని కొడ్తున్న."

ఆరోది కూడా పడింది. గుర్వమ్మ నా చేతుల్లో దోసెడు పల్లికాయ పోసి, "నిలవడి తిడ్తె కాళ్లు గుంజుతయి బిడ్డా, కూసోని తిట్టు," అంది. కూర్చున్నాను. ఆ తర్వాత ఆదివారం డప్పు మోగకముందే నేనే వెళ్ళాను.

మా జట్టు పేరు ఖిల్లా ఎలెవన్. పేరులో కోట ఉంది గానీ ఆటలో గోడ కూడా లేదు, ఎవరైనా లోపలికి రావచ్చు. జిల్లా లీగులో అన్నిటికంటే కింది డివిజన్ మాది, ఆ డివిజన్‌లో అన్నిటికంటే కింది జట్టు మాది. దుర్గయ్య మనవడు ఒకప్పుడు ఇందులో ఆడేవాడట. మోకాలు నొప్పి అని మనవడు మానేశాడు, తాత మానలేదు.

ఆ గొర్రెపిల్ల కథ నరేశ్ చెప్పాడు. నేను రావడానికి ముందు ఒక ఆటలో జట్టు ఘోరంగా ఓడిపోతుంటే దుర్గయ్యకు రోషం వచ్చి, కొండ కింది ఎల్లమ్మ గద్దె వైపు తిరిగి, ఒళ్ళో పిల్లను పైకెత్తి, "తల్లీ, మా పోరలు ఒక్క ఆట గెల్సిన్నాడు గీ పిల్ల నీదే," అని మొక్కేశాడట. వచ్చే ఆదివారమే తీరిపోతుందనుకున్నాడు పాపం. గొర్ల గురించి ఆయనకు తెలియనిది లేదు, జట్టు గురించే తెలియలేదు.

పిల్ల పొట్టేలయింది. కొమ్ములు మెలి తిరిగాయి. జట్టు మాత్రం గెలవలేదు. మొక్కిన పొట్టేలును అమ్మకూడదు, దసరాకు కొయ్యకూడదు. మందలో వదిలితే ఎవడెత్తుకుపోతాడోనని దుర్గయ్య ఆదివారం తాడు పట్టుకుని దాన్ని వెంట తెచ్చేవాడు. ఖిల్లా ఎలెవన్‌కు ఈ జన్మలో దక్కే కప్పు ఇదొక్కటేనని నరేశ్ దానికి 'కప్పు' అని పేరు పెట్టాడు. కప్పుకు పల్లి పొట్టంటే ప్రాణం. మా మీద గోల్ పడి మేం తలలు పట్టుకుంటే అది తీరిగ్గా నా కొంగు నమిలేది. నేను తిట్టేదాన్ని, కానీ కొంగు లాక్కునేదాన్ని కాదు.

నాకు జ్వరం వచ్చి ఆదివారం వెళ్ళకపోతే ముగ్గురూ నా గదికి వచ్చారు. నరేశ్ ఆటోలో దవాఖానకు తీసుకుపోయాడు. గుర్వమ్మ జొన్న గట్క కాచి తెచ్చింది. దుర్గయ్య ఏం తేవాలో తెలియక కప్పును తెచ్చాడు. అది ఇంటి ఓనరు బంతిపూల చెట్లన్నీ మేసింది. ఓనరు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడడు, పోనీ.

రెండో ఏడు ఆటలు ముగింపుకొచ్చాయి. అప్పుడు నరేశ్ మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"రెండేండ్లు ఒక్క ఆట గుడ గెలువని జట్టును లీగుల నుంచి తీసేస్తరట. ఇగ ఒక్కటే ఆట మిగిలింది. గెలువకుంటే మనం ఖతం."

జట్టు పోతే ఆదివారం పోతుంది. ఆట లేకపోయినా కలుద్దాం అనుకోవడం మాటవరసకే. దుర్గయ్య మంద వెంట ఎటో పోతాడు, గుర్వమ్మ గంప బస్టాండుకు పోతుంది, నరేశ్‌కు పెళ్ళిళ్ళ కిరాయిలు ఉండనే ఉన్నాయి. నేను మళ్ళీ గోడకు ఇవతల పడతాను.

"అయితే గెలువాలె," అన్నాను.

ముగ్గురూ కప్పు వైపు చూస్తున్నారు. అది దుర్గయ్య మోచేతికి తల రుద్దుకుంటోంది. గెలిస్తే దాని మెడ, ఓడితే మా కూటమి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే.

చివరి ఆట చౌటుప్పల్ నుంచి వచ్చిన జట్టుతో. మందుల ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రాళ్ళు, రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చారట, సగం మంది ఆవులిస్తూ ఆడారు. మావాళ్ళు ఆవులించకుండానే వాళ్ళతో సమానంగా ఆడారు. ఆట అయిపోవస్తుండగా మా కెప్టెన్ నాగేందర్ కళ్ళు మూసుకుని ఒక్క తన్ను తన్నాడు. బంతి అవతలి జట్టు పొడుగాటివాడి వీపుకు తగిలి, అటు తిరిగి, ఇటు తిరిగి, వాళ్ళ గోల్‌లోకే దొర్లింది.

గెలిచాం. నేను గంతులేశాను, ఈ వయసులో, కౌంటరులో నన్ను చూసినవాళ్ళెవరూ నమ్మరు. కాలు నేలకు ఆనేసరికి కప్పు కనబడింది. నరేశ్ డప్పు ఎప్పుడో ఆగిపోయింది. గ్రౌండులో ఆటగాళ్ళు ఒకరినొకరు ఎత్తుకుంటుంటే, వాళ్ళను ఇన్నాళ్ళు మోసిన మేం నలుగురం చావు కబురు విన్నట్టు కూర్చున్నాం.

"మొక్కు మొక్కే," అంది గుర్వమ్మ. దైవం సంగతుల్లో ఆమె తాసిల్దారు కంటే గట్టి మనిషి. "వచ్చే ఆదివారం తీర్సాలె."

ఆ ఆదివారం ఎల్లమ్మ గద్దె దగ్గర కలిశాం. దుర్గయ్య తాడును చేతికి రెండు మెలికలు చుట్టుకుని వచ్చాడు. కొయ్యడానికి పిలిచిన మనిషి కత్తి పక్కన పెట్టుకుని బీడీ ముట్టించాడు. గుర్వమ్మ కప్పుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, మెడలో వేపమండ కట్టి, వీపు మీద చెంబెడు నీళ్ళు పోసింది. పొట్టేలు ఒళ్ళు విదిలిస్తే తల్లి ఒప్పుకున్నట్టు, అప్పుడే కత్తి. విదిలించకపోతే కొయ్యరాదు.

కప్పు కదల్లేదు. రెండో చెంబు పోసింది. నీళ్ళు కారుతూ నిలబడిందే గానీ వెంట్రుక కూడా కదిలించలేదు.

"మనల ఎవలి మనసులనో ఏదో దాగున్నది," అంది గుర్వమ్మ. "తల్లి ముంగట చెప్పుండ్రి."

నరేశ్ తల గోక్కున్నాడు. "నేను మొన్న గోల్ దగ్గరికి బంతి పోంగనే డప్పు ఆపిన తల్లీ. పడొద్దనుకున్న."

"నేను మొక్కుకున్నంక మల్ల ఒక్కసారి గుడ గెలువాలె అనుకోలే," అన్నాడు దుర్గయ్య, తాడు వైపు చూస్తూ.

గుర్వమ్మ చెంబు కింద పెట్టి, "సగం ఆటయినంక దిక్కులు మార్చుకుంటరని నాకు మొన్నటిదాంక తెల్వది తల్లీ. ఇన్నేండ్ల సంది రెండో సగమంత అవతలోళ్లకే మొక్కిన," అంది.

నరేశ్ నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. కప్పు మాత్రం అలాగే నిలబడింది. ఇక మిగిలింది నేనే.

"తల్లీ, నాకు ఆట తెల్వది," అన్నాను. "మన పోరల పేర్లు గుడ సగం తెల్వయి. నేను గీళ్ల కోసమొస్తున్న. గీళ్లు లేకుంటే గీ ఊళ్లె నాతోని మాట్లాడేటోళ్లు లేరు. గందుకే గెలువాలని మొక్కిన. గీ మూగజీవి మెడ అడ్డం వెట్టి మొక్కిన. గిప్పుడు నాకు గీళ్లూ గావాలె, గిదీ గావాలె. అండ్ల ఒక్కటి తక్కువైనా నాకు సాలది."

ఏడ్చాను, దాచడమెందుకు. దుర్గయ్య తన రుమాలు తీసి ఇచ్చాడు, దానికి గొర్ల వాసన.

అప్పుడు కప్పు ఒళ్ళు విదిలించింది. చిన్నగా కాదు. కొమ్ముల నుంచి తోకదాకా దులపరించి, పసుపు నీళ్ళన్నీ మా మొహాల మీద చల్లింది.

కత్తి మనిషి బీడీ పారేసి లేచాడు. దుర్గయ్య వేళ్ళు తాడు మీద బిగుసుకున్నాయి.

గుర్వమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. గద్దె వైపు చూసింది, కప్పు వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఇదిలియ్యలే," అంది.

"ఏం మాటవ్వా!" అన్నాడు కత్తి మనిషి. "గంత గనం ఇదిలిస్తే! నా మీద గుడ పడ్డయి నీళ్లు!"

"బీడీ తాగుకుంట నువ్వెట్ల జూసినవ్? ఇదిలియ్యలే అన్న గద."

"నేనైతే సూడలే," అన్నాడు నరేశ్, కనుబొమ్మల మీద పసుపు తుడుచుకుంటూ.

"నాకు సూపు మందం," అన్నాడు దుర్గయ్య. గుట్ట మీద కుంటుతున్న గొర్రె ఎవరిదో కింద నుంచే చెప్పే మనిషి ఆయన.

నేను రుమాలులో మొహం పెట్టుకుని తల అడ్డంగా ఊపాను. కత్తి మనిషి మమ్మల్ని ఒక్కొక్కరినీ ఎగాదిగా చూసి, గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. గుర్వమ్మ గద్దె ముందు కూలబడి చేతులు జోడించింది.

"నీ జీవం నీదే తల్లీ, ఎవ్వలం కాదంటలేం. మావోళ్లు ఇంకో ఆట గెల్సినంక మల్ల అడుగుతం."

కొబ్బరికాయ కొట్టి, బెల్లమన్నం వండుకుని అక్కడే తిన్నాం. కప్పు తన మెడలోని వేపమండను తనే అందుకుని నమిలింది. దుర్గయ్య దాని వీపు తుడుస్తూనే ఉన్నాడు. తింటుంటే నాకు మళ్ళీ దిగులు పట్టుకుంది.

"మరి వచ్చేయేడు గెలుస్తే ఎట్ల?" అన్నాను.

"ఫికర్ జెయ్యకక్కా," అన్నాడు నరేశ్, ఆకులో ఇంకాస్త అన్నం వేసుకుంటూ. "మన పోరల మీద నాకు నమ్మకమున్నది. గెలువరు."