స్థానికుల ఆరోపణ

కుళాయి ముందు దగ్గింది, తర్వాత గాలి కక్కింది. ఆ తర్వాత వచ్చిన నీళ్ల కింద పేపరక్క గాజు సీసా పెట్టింది. సీసా నిండేసరికి అవతలివైపున్న ఆమె వేళ్లు కనిపించడం మానేశాయి.

"పట్టు, బాగా పట్టు. మీ పేపర్లో సిరా అయిపోతే ఇవే పోసుకోవచ్చు," అంది వెనక బకెట్‌తో నిలబడ్డ కుట్టుమిషనావిడ.

వరసంతా నవ్వింది. పేపరక్కా నవ్వింది.

"మీ అత్తకెలా ఉంది?" అని ఆమెను అడిగింది.

"వాంతులు తగ్గాయి, సెలైన్ ఎక్కుతోంది. పొద్దున కళ్లు తెరిచింది. తెరవగానే నన్నే తిట్టింది."

"అయితే పర్లేదు."

"ఈసారైనా సరిగ్గా రాయక్కా. పోయినసారి మేమే అబద్ధాలాడుతున్నట్టు రాశావు."

ఈ మాటకు ఎవరూ నవ్వలేదు. పేపరక్క సీసా మూత బిగించి, కొంగుతో తుడిచి, స్కూటర్ డిక్కీలో పెట్టుకుంది. పోయినసారి 'కుళాయిల్లో మురికినీళ్లు' అని రాసిచ్చింది. అచ్చులో 'మురికినీళ్లు వస్తున్నాయని స్థానికుల ఆరోపణ' అని వచ్చింది. ఆ తోక తగిలించింది ఆఫీసువాళ్లు. కింద ఉన్న పేరు మాత్రం తనది.

భర్త ఉన్నన్నాళ్లూ ఇంటింటికీ పేపరు వేసేవాడు. ఆయన పోయాక ఆ కట్ట తనే ఎత్తుకుంది. ఇంత కాగితంలో మా వీధి మాట ఒక్కటీ లేదేమిటని ఓ రోజు ఆఫీసుకెళ్లి అడిగితే, "అయితే నువ్వే రాయి" అని నవ్వారు. రాసింది. విరిగిన కల్వర్టు, వెలగని దీపం, కాంపౌండర్ రాని ఆస్పత్రి. వాటితో దేశం మారిందని ఎవరూ అనలేదుగానీ, కల్వర్టుకు గోడ లేచింది. ఆ గోడ పక్కనుంచి వెళ్లేటప్పుడు ఇప్పటికీ స్కూటర్ కాస్త నెమ్మది చేస్తుంది.

ఇవాళ కుళాయి దగ్గర్నుంచి బయల్దేరి, మోకాళ్లు మొరాయిస్తున్నా మురిక్కాలవ అంచున గొంతుక్కూర్చుని, మంచినీళ్ల పైపు ఆ నల్లటి నీళ్లలో మునిగి ఉండటం కళ్లారా చూసింది. అక్కణ్ణుంచి నీళ్ల ఇంజనీరు దగ్గరికెళ్లింది.

"పైపు పాతదేగానీ నీళ్లు మంచివేనమ్మా."

ఆమె సీసా తీసి ఆయన ముందు పెట్టింది. "అయితే ఓ గుక్క తాగండి."

"ఇప్పుడే కాఫీ తాగానండీ," అన్నాడాయన, కుర్చీ వెనక్కి జరుపుకుంటూ.

మధ్యాహ్నం ఆఫీసులో వార్త రాసిచ్చి, పేజీ చూసే తమ్ముడి టేబుల్ మీద సీసా పెట్టింది. సాయంత్రం అతని వెనక నిలబడింది. తమ్ముడంటే వరసకే, ఆమె రాసినవన్నీ అతని చేతిమీదుగానే అచ్చుకు వెళ్తాయి. తెరమీద ఆమె వార్త బాగానే నడిచింది. చివర మళ్లీ అదే తోక.

"ఆ మాట తీసెయ్ తమ్ముడూ."

"ఒక్క మాట కోసం గొడవేంటక్కా?"

"ఒక్క మాటేగా. తీసెయ్ మరి."

"ఇంజనీరు ఒప్పుకోలేదు కదా?"

"ఆయన కాఫీ తాగానన్నాడు. అదీ రాశాను, చూడు. పైపు మురిక్కాలవలో ఉంది. నేను చూశాను. ఇక ఆరోపణేంటి?"

అతను సీసా వంక చూశాడు. మధ్యాహ్నం నుంచి కదలకపోవడంతో బురద అడుక్కి దిగి, పైన నీళ్లు అద్దంలా ఉన్నాయి. "తేటగానే ఉన్నాయిగా?"

పేపరక్క సీసా అందుకుని గట్టిగా ఊపింది. లోపలంతా నల్లగా లేచింది.

"ఎవరూ కదపనంతసేపూ తేటగానే ఉంటాయి."

అతను గొంతు తగ్గించాడు. "పైనుంచి చెప్పారక్కా. ఆ మాట తీస్తే రేపట్నుంచి మిమ్మల్ని ఉంచరు."

"ఆ మాట ఉంటే నేనే ఉండను."

"ఉండకుండా ఏం చేస్తారు?"

"పొద్దున్నే ఆ కుళాయి దగ్గరే నిలబడతాను. పేపర్లో రానిది నోటితో చెప్తాను. నా గొంతు నీకు తెలుసుగా."

అతనికి నవ్వు రాబోయి ఆగింది. ఆమె మెడలోని గుర్తింపు కార్డు తీసింది. చెమటకు రంగు పోయిన దాని నాడాను ఎక్కడ పెట్టాలా అని చూసి, సీసా మెడకే తగిలించింది.

"పేరు కూడా ఉంచు. ఎవరు రాశారో తెలియాలి."

గోడ పట్టుకుని మెట్లు దిగుతుంటే పైన కుర్చీ ముందుకు జరిగిన చప్పుడైంది. తర్వాత కీబోర్డు మీద, ఒక్కో అక్షరం చెరిపేటప్పటిలా, ఒకే మీట ఆగి ఆగి టక్కు టక్కుమంది. ఆఖరి చప్పుడుదాకా నిలబడి విని, మిగిలిన మెట్లు దిగి, స్కూటర్‌ను తన్నింది. అది రెండో తన్నుకు పలికింది.

టేబుల్ మీద, మెడలో ఆమె కార్డు వేసుకున్న సీసాలో, బురద ఇంకా తిరుగుతూనే ఉంది.