అవ్వ కడిగిన కుండలు

మా తాత యతిరాజులుకు డెబ్బై రెండేళ్లు. వాషర్‌మెన్‌పేట్‌లో మిరపకాయలు, మిరియాల టోకు వ్యాపారం. చింత చచ్చినా పులుపు చావదన్న సామెత ఆయన్ని చూసే పుట్టి ఉండాలి. ఆయన పులుపంతా నాకే వచ్చిందని మా అవ్వ కమలాంబ అంటుంది. నేను ఒప్పుకోను, ఒప్పుకోకపోవడమే దానికి రుజువని ఆమె వాదన.

యాభై ఒకటో సంవత్సరంలో నేను వృక్షశాస్త్రంలో బి.ఎస్సీ. పూర్తి చేశాను. ఎం.ఎస్సీ. చదవాలని నా పట్టు. చెట్ల గురించి ఇంకా రెండేళ్లు చదవడానికి ఏముందని తాత. ఆయన మాటకు ఇంట్లో ఎదురు లేదు, మా నాన్న కూడా తల వంచుకుని అన్నం కలుపుకునేవాడు. ఒకరోజు కోపం పట్టలేక, ఒకే చింత అయినా ఎండనేల గింజ ఒకలాగా, వాననేల గింజ మరొకలాగా కరవును తట్టుకుంటుందని అనేశాను. పుస్తకంలో చదివిందే, కళ్లతో చూసింది కాదు.

"చింత ఏడ పుట్టినా చింతే," అన్నాడు తాత. "ఏది ఏ ఊరిదో కరవులో వేరుగా తెలిసేట్టు చూపించు, చదివిస్తా. చూపించలేకపోతే ఈ పేచీ మళ్లీ ఎత్తగూడదు."

కరవుకు పేరుపడ్డ పెనుకొండ నుంచి మా మేనమామ గింజలు పంపాడు. వానలకు పేరుపడ్డ వయనాడు గింజలు తాతకు మిరియాలు అమ్మే కృష్ణన్ తెచ్చిచ్చాడు. తొండియార్‌పేటలో మా ఇంటి పెరట్లో చెరి ఇరవై కుండలు. తోటమాలి కాళిముత్తు మట్టి నింపి ఇస్తే, గింజ నాటిన ప్రతి కుండ మీదా నేను సున్నంతో ఊరి పేరు రాశాను. వినాయక చవితి కాగానే కాళిముత్తు సేద్యం పనులకని తిరునెల్వేలి దగ్గర తన ఊరికి వెళ్లిపోయాడు.

ఆయుధపూజ వచ్చింది. ఆరోజు మా ఇంట్లో తక్కెడ మొదలు కత్తిపీట దాకా కడగని వస్తువుండదు. నేను అంగట్లో పూజ చూసుకుని ఇంటికొచ్చేసరికి పెరడు పెళ్లిపందిరిలా ఉంది. బిడ్డ చదువుకు ఇవే కదా ఆయుధాలని అవ్వ నలభై కుండలనూ కొబ్బరిపీచుతో తళతళా తోమి, గంధం, కుంకుమ పెట్టి, పెద్ద ముగ్గు చుట్టూ అందంగా అమర్చింది. సున్నం గీత ఒక్కటి మిగల్లేదు. ఏ కుండ ఏ ఊరిదో దేవుడికే తెలియాలి.

నేను అవ్వ మీద అరిచాను. ఆమె చేతిలో గంధం గిన్నె అలాగే ఉండిపోయింది. రెండు నిమిషాలకే నాకు సిగ్గేసి, ఆమె ఒళ్లో తలపెట్టి ఏడ్చాను. తాత మాత్రం పందెం తనదేనని హాయిగా నవ్వాడు.

"కుండల మీది సున్నమే పోయింది తాతా, మొక్కలు పోలేదు," అన్నాను. "ఎండాకాలం రానీ. అవే చెప్తాయి."

ధైర్యంగానే అన్నాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ ఏడు కార్తీకంలో కూడా వాన ముఖం చాటేసింది. వేసవికి వీధి కుళాయిలో గంటసేపు సన్నటి ధార వస్తే అదే భాగ్యం. ఏప్రిల్లో మొక్కలకు నీళ్లు మానేశాను. అవ్వ ప్రాణం ఊరుకోదు. బియ్యం కడిగిన నీళ్లు కొంగుచాటున పట్టుకుపోతుంటే రెండుసార్లు పట్టుకున్నాను.

పన్నెండో రోజుకు తేడా కనిపించింది. పందొమ్మిది మొక్కలు మధ్యాహ్నం కాకముందే ఆకులు ముడుచుకుని, తర్వాత పసుపెక్కి, మొత్తం రాల్చేసి ఉత్త పుల్లలై నిలబడ్డాయి. మిగతా ఇరవై ఒకటీ పచ్చగా నవ్వుతున్నాయి.

తాత చేతికర్రతో పుల్లలను చూపించాడు. "ఇవి వయనాడువి. వానలో పుట్టిన బిడ్డలు, తట్టుకోలేక చచ్చినాయి. పచ్చగా ఉండేవి పెనుకొండవి. ఇది చెప్పేదానికి చదువెందుకు?"

ఇంటిల్లిపాదీ ఔనన్నారు. నాకూ ఒక పూట అదే నిజమనిపించింది. అప్పుడు పెనుకొండలో మా అత్త గుర్తొచ్చింది. వాన ఆలస్యమైతే చాలు, గాదె సగం నిండుగా ఉండగానే ఆమె ఎసట్లో ఒక గిద్దెడు బియ్యం తగ్గించేస్తుంది. కరవు ఎరిగిన ఇల్లు ముందే సర్దుకుంటుంది. నేను ఎర్రదారం తెచ్చి, పెనుకొండవి ఇవేనంటూ ఆ పందొమ్మిది పుల్లలకే కట్టాను. నా చదువంతా ఎండుపుల్లలకు కట్టి కూర్చున్నాను మరి.

ఇంకో పది రోజులకు పచ్చగా ఉన్నవి వరసగా తలలు వాల్చేశాయి. కాండాలు ఎండిపోయాయి. అప్పుడు అన్నిటికీ నీళ్లు పోశాను. తొమ్మిదో రోజు పొద్దున ఎర్రదారం పక్కన బియ్యపుగింజంత చిగురు. ఇంకోదానికి, మరోదానికి. అవ్వను పట్టుకుని పెరడంతా తిప్పేశాను. ఆమె మోకాళ్ల నొప్పి కూడా మరిచిపోయి తిరిగింది.

తాత మాత్రం కదల్లేదు. "చిగురేసినాయి, సరి. అవి పెనుకొండవేనని ఎవరు సాక్షి?"

కాలేజీకి దరఖాస్తు పంపడానికి ఇంక వారమే గడువుంది.

నాలుగో రోజు కాళిముత్తు ఊరినుంచి తిరిగొచ్చాడు. కథంతా విని, దీనికింత గొడవెందుకు, కుండ అడుగు చూస్తే పోలేదా అని అరవంలో తాపీగా అన్నాడు. నీళ్లు దిగడానికి ముందు నింపిన పెనుకొండ కుండల అడుగున పగిలిన కుండపెంకులు వేశాడట. అవి అయిపోతే, సున్నపుబట్టీ కోసం ఎన్నూరునుంచి వచ్చే సముద్రపు గుల్లలు తెచ్చి వయనాడు కుండల్లో పరిచాడట. సాక్షి తొమ్మిది నెలలుగా మట్టికింద ఉంది, అడిగే బుద్ధి మాకు లేకపోయింది.

తాత పెరట్లో కుర్చీ వేయించుకున్నాడు. కాళిముత్తు ఒక్కో కుండనూ బోర్లించి తట్టి, మట్టి చెదరకుండా మొక్కను దించి చూపించాడు. ఎర్రదారం, పెంకు. ఎర్రదారం, పెంకు. వాడిపోయింది, గుల్ల. అవ్వ లెక్క పెడుతూ పెడుతూ కళ్లు తుడుచుకుంది. ఎర్రదారం కట్టినవాటిలో ఒకదాని కింద గుల్లలు, కట్టనివాటిలో రెండింటి కింద పెంకులు వచ్చాయి. మిగతా ముప్పై ఏడూ నేను చెప్పినట్టే ఉన్నాయి.

"నేను కడగబట్టే కదా గెలిచింది," అంది అవ్వ, ఎనిమిది నెలలుగా దాచుకున్న మాట. "కుండల మీద పేర్లుంటే, చదివి చెప్పినావని అనుండేవాడు మీ తాత."

తాత ఆ మాట విననట్టే, పక్కన పెట్టిన మూడు మొక్కలనూ వంగి చాలాసేపు చూశాడు. తప్పుల్ని పట్టుకున్నాడనుకున్నాను. ఆయన లేచి, జేబులోంచి కలం తీసి నా చేతిలో పెట్టాడు.

"దరఖాస్తు రాయి. ఈ మూడూ ఎందుకు తప్పినాయో చదువుకోనొచ్చి నాకు చెప్పు."